పాత కారు కొనేముందు దాని ఫెయిళ్లు చదవండి

బ్రిటన్‌లో పాత కారు అమ్మేవాళ్లు ప్రకటనలో తప్పకుండా వేసే మాట ఒకటుంది: పన్నెండు నెలల ఎంఓటీ ఉంది అని. ఎంఓటీ అంటే ఏటా జరిగే వాహన తనిఖీ. ఒకప్పటి మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ పొడి అక్షరాలవి. ఆ శాఖ పేరు ఎప్పుడో మారిపోయినా తనిఖీకి ఆ పేరే స్థిరపడింది. చదువుకోవడానికో, ఆస్పత్రి ఉద్యోగానికో, సాఫ్ట్‌వేర్ పనికో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు మొదట కొనేది చాలాసార్లు పదేళ్లు దాటిన కారే. మన దేశపు లైసెన్సుతో మొదటి 12 నెలలు నడపొచ్చు, రోడ్డుకు ఎడమవైపు నడపడం మనకు అలవాటే, చిన్న ఊళ్లలో రాత్రి షిఫ్టు ముగిసేసరికి బస్సులుండవు. అందుకే వెళ్లిన కొన్నాళ్లకే కారు మాట వస్తుంది. అప్పుడు ఆ పన్నెండు నెలల మాట పెద్ద భరోసాగా వినిపిస్తుంది, ప్రభుత్వమే చూసి ఏడాదికి హామీ ఇచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ కారు గురించి దొరికే సమాచారం మొత్తంలో కొనేవాడికి అతి తక్కువగా పనికొచ్చే ముక్క అదే. పనికొచ్చేది దాని వెనకున్న పదేళ్ల రికార్డు. అందులోనూ కారు పాసైన తేదీలకన్నా అది ఫెయిలైన కారణాలు, పాసైనప్పుడు కూడా తనిఖీ చేసినవాడు పక్కన రాసిపెట్టిన హెచ్చరికలు ముఖ్యం.

ఆ రికార్డు చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ హిస్టరీ పేజీ తెరిచి కారు నంబరు కొడితే చాలు. కారు రంగు, కంపెనీ, ఇంధనం, మొదట రిజిస్టరైన తేదీ వస్తాయి. వాటి కింద ఒక్కో ఏడాది పరీక్ష వరుసగా కనిపిస్తుంది: ఏ రోజు జరిగింది, పాసా ఫెయిలా, ఆ రోజు మీటర్ మీద ఎన్ని మైళ్లున్నాయి, ఫెయిలైతే ఎందుకు, పాసైతే ఏయే భాగాల మీద కన్నేసి ఉంచమన్నారు. కంపెనీ వెనక్కి పిలిచిన భద్రతా లోపమేదైనా ఇంకా సరిచేయించకుండా ఉంటే అదీ తెలుస్తుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2005 నుంచీ, ఉత్తర ఐర్లండ్‌లో 2017 నుంచీ జరిగిన పరీక్షలు అందులో ఉంటాయి. పరీక్ష ఏ గ్యారేజీలో జరిగిందో తెలుసుకోవాలంటే మాత్రం లాగ్‌బుక్ మీదుండే నంబరు కావాలి. మన ఆర్‌సీ లాంటి కాగితమది, అక్కడ వీ5సీ అంటారు. అమ్మేవాడు దాన్ని చూపించడానికి నసిగితే ఇంకేమీ చూడనక్కర్లేదు, అక్కడితో ఆ బేరం వదిలేయొచ్చు.

ఈ పరీక్ష పెట్టినప్పుడు పాత కార్లు కొనేవాళ్లను ఎవరూ దృష్టిలో పెట్టుకోలేదు. 1960 సెప్టెంబరులో మొదలైనప్పుడు అది పదేళ్లు దాటిన వాహనాలకే. చూసేది బ్రేకులు, లైట్లు, స్టీరింగ్. ఫెయిలయ్యే బళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువగా తేలడంతో మరుసటి ఏడాదే ఆ వయసును ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు దించారు. 1968లో టైర్లు చేరాయి, 1990లలో పొగ పరీక్ష చేరింది. మూడేళ్లను నాలుగేళ్లు చేద్దామన్న ఆలోచన ఈమధ్య రెండుసార్లు ముందుకొచ్చి, 2018లో ఒకసారి, 2024లో ఒకసారి మూలపడింది. పరీక్షించేవి ఎక్కువగా ప్రైవేటు గ్యారేజీలే. డ్రైవర్ అండ్ వెహికల్ స్టాండర్డ్స్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ వాటికి అనుమతి ఇచ్చి, వాటి మీద నిఘా పెడుతుంది. కారుకు వసూలు చేయగల గరిష్ఠ రుసుము 54 పౌండ్ల 85 పెన్స్. రోడ్డు మీద ప్రాణాలు కాపాడటం కోసం పెట్టిన ఈ ఏర్పాటులోంచి, ఫలితాలు కంప్యూటర్లోకి ఎక్కడం మొదలయ్యాక, ఎవరూ ప్రత్యేకంగా కోరుకోని రెండో ప్రయోజనం పుట్టింది. అమ్మకంతో సంబంధం లేని మూడో మనిషి ఒకడు ఏడాదికోసారి కారు కిందికి దూరి చూసినదంతా అందరికీ అందుబాటులోకొచ్చింది.

పాసయ్యిందంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, టైర్లు, లైట్లు, సీటు బెల్టులు, అద్దాలు, బాడీకి పట్టిన తుప్పు, పొగ ఇవన్నీ చూస్తారు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఏ స్థితిలో ఉన్నాయో చూడరు. టైమింగ్ బెల్టు రేపే తెగేలా ఉన్నా ఎంఓటీకి సంబంధం లేదు, అది తెగితే ఇంజిన్ ఖర్చు కారు ఖరీదును మించిపోయినా సరే. ఏ భాగాన్నీ విప్పే అధికారం తనిఖీదారుకు లేదు. అందుకే చాలా కార్ల రికార్డులో అడుగున ప్లాస్టిక్ రేకులు అడ్డుగా ఉండి కొన్ని భాగాలు కనిపించలేదన్న వాక్యం ఏటా వస్తుంది. జనం దాన్ని పట్టించుకోకుండా దాటేస్తారు కానీ, నేను చూడని చోటుంది, దానికి నాది పూచీ కాదు అని తనిఖీదారు స్పష్టంగా చెప్పుకున్న మాట అది. ఇక చట్టం అడిగేది కనీస ప్రమాణమే. టైరు మీద గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుండాలి, 1.7 ఉన్నా పాసే. ఆ టైరు వచ్చే నెల అరిగిపోతే కొత్తది వేయించుకోవాల్సింది కొన్నవాడే. పన్నెండు నెలల ఎంఓటీ అంటే పన్నెండు నెలలు బాగుంటుందని కాదు. ఫలానా రోజున, ఆ గ్యారేజీలో, చట్టం అడిగిన గీత దాటిందని మాత్రమే.

అలాంటప్పుడు ఇన్నేళ్ల రికార్డు మాత్రం దేనికి, అదీ అలాంటి ఒక్కరోజు చూపులే కదా అనిపించవచ్చు. ఒక్కో పరీక్ష ఒక్కరోజు సంగతే, నిజం. వరసగా పది పెట్టుకుని చూస్తే అవి కారు సంగతికన్నా యజమాని సంగతి ఎక్కువ చెబుతాయి. ఇందులో కీలకం అడ్వైజరీలు. కారు పాసైంది కానీ ఫలానా భాగం అరుగుతోంది, చూసుకోండి అని రాసే హెచ్చరికలవి. 2018 మే నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీస్తున్నారు. మొదటి రెంటిలో ఏది ఉన్నా ఫెయిల్; డేంజరస్ ఉంటే సరిచేయించేదాకా కారు రోడ్డెక్కకూడదు. మైనర్ ఉన్నా పాసే. అడ్వైజరీ దానికీ ఇవతలిది, ఈరోజుకు లోపం కాదు, ముందు ముందు కావచ్చు. ఆ కాగితం అందుకున్న యజమాని ముందు రెండు దారులుంటాయి. ఇప్పుడే చేయిస్తే తక్కువలో పోతుంది, ఫెయిలయ్యేదాకా ఆగితే ఈ ఏడాదికి డబ్బు మిగులుతుంది. ఏ చట్టమూ బలవంతం చేయని ఆ చోట అతను ఏం చేశాడో వచ్చే ఏడాది పేజీ చెప్పేస్తుంది. ఎంఓటీ చూడని భాగాల విషయంలోనూ ఆ మనిషి పద్ధతి అదే అయ్యుంటుందని ఊహించడం అన్యాయమేమీ కాదు. కళ్లెదుట రాసిచ్చిన బ్రేకు పైపును నాలుగేళ్లు వదిలేసినవాడు ఇంజిన్ ఆయిల్ మాత్రం వేళకు మార్పించాడంటే నమ్మడం కష్టం.

ఊహకు ఒక కారు తీసుకుందాం. 2012లో రిజిస్టరైన డీజిల్ హ్యాచ్‌బ్యాక్. 2015లో మొదటి పరీక్ష, మీటర్ మీద 61,000 మైళ్లు. 2017లో పాసవుతూ రెండు హెచ్చరికలు: వెనక బ్రేకు పైపుకు కొద్దిగా తుప్పు, ముందు టైరు లోపలి అంచు అరుగుతోంది. 2018లో అవే రెండు. 2019లో బ్రేకు పైపు మాటలోంచి 'కొద్దిగా' పోయింది. టైరు మాట మళ్లీ వచ్చింది. 2022లో ఫెయిల్: బ్రేకు పైపు విపరీతంగా తుప్పుపట్టింది. మర్నాడే పాస్. 2023లో మళ్లీ టైరు లోపలి అంచు, దానికి తోడు ముందు సస్పెన్షన్ బుష్ అరిగిందన్న కొత్త మాట. 2024లో ఒక్క హెచ్చరికా లేకుండా పాస్, అదీ అమ్మకం ప్రకటన వేయడానికి వారం ముందు. బ్రేకు పైపు గురించి చెప్పించుకోవడానికీ చేయించడానికీ మధ్య అయిదేళ్లు గడిచాయి. బండి రోడ్డెక్కదని తెలిశాకే జేబులోంచి డబ్బు తీశారు. బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అడుగు భాగాలకు తుప్పు త్వరగా పడుతుంది. అందుకే అక్కడ ఈ వాక్యానికి బరువెక్కువ. టైరు కథ ఇంకా తేటగా ఉంది. లోపలి అంచు ఒక్కటే మాటిమాటికీ అరుగుతోందంటే తప్పు టైరుది కాదు, చక్రాల అలైన్‌మెంట్‌దో సస్పెన్షన్‌దో. టైర్లు మారుస్తూ పోయారు, కారణం వెతకలేదు. 2023లో తనిఖీదారు ఆ కారణాన్ని పేరు పెట్టి రాశాడు. 2024లో అది మాయమైంది. నిజంగా బాగుచేయించి ఉంటే బిల్లు ఉండాలి. బిల్లు లేదంటే కారు బాగుపడలేదు, చూసిన కళ్లు మారాయి.

దాని పక్కనే అదే మోడల్ ఇంకో కారుందనుకోండి. రికార్డు తెరవగానే నాలుగు ఎర్రటి ఫెయిళ్లు కనబడతాయి. ఒకసారి బల్బు పోయింది, ఒకసారి వైపర్ రబ్బరు, ఒకసారి స్ప్రింగ్ విరిగింది, ఒకసారి హ్యాండ్‌బ్రేక్ పట్టు చాలలేదు. హెచ్చరికలూ బోలెడు. కానీ ఒక్కటీ రెండో ఏడాది తిరిగి రాలేదు. తొందరపడి చూసేవాడు దీన్ని వదిలేసి మొదటిదాని వెంట పడతాడు, ఎందుకంటే దానికి పదేళ్లలో ఒకటే ఫెయిల్. నేనైతే రెండోదే కొనమంటాను. గుంతల రోడ్ల మీద స్ప్రింగ్ విరగడం ఎవరి కారుకైనా జరుగుతుంది. రాసిచ్చినదల్లా ఏడాది తిరిగేలోపు చేయించడం మాత్రం అందరూ చేసేది కాదు. ఫెయిళ్లు లెక్కపెట్టి కారును తూచడం ఈ రికార్డును తప్పుగా చదివే పద్ధతుల్లో మొదటిది. ఫెయిలైన రోజుకీ మళ్లీ పాసైన రోజుకీ మధ్య దూరం చూడాలి. అదే రోజు పాసైతే చిన్న పని. మూడు వారాలు పడితే వెల్డింగ్ లాంటి పెద్ద పని కావచ్చు, అడగాలి. ఫెయిలై నెలల తరబడి పరీక్షే లేకుండా, ఆ తర్వాత ఒక్కసారిగా శుభ్రంగా పాసైతే మధ్యలో చేతులు మారి ఉండవచ్చు, ఆ చేతులు ఎవరివో ఏం చేశాయో తెలియాలి.

మీటర్ అంకెల దగ్గర మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. రీడింగ్ వెనక్కి తిప్పడం మన ఊళ్లలోనూ పాత విద్యే. బ్రిటన్ చట్టంలో మీటర్ సరిచేయడం దానంతటదే నేరం కాదు, ఆ సంగతి దాచి అమ్మడం నేరం. ఎంఓటీ రికార్డులో ఏటా ఒక అంకె పడుతుంది కాబట్టి నిరుటి కన్నా ఈ ఏడాది అంకె తగ్గితే వెంటనే దొరికిపోతుంది. అయితే ప్రతి తేడా మోసం కాదు. తనిఖీదారు ఒక అంకె తప్పు కొట్టవచ్చు, మైళ్ల బదులు కిలోమీటర్లు ఎక్కవచ్చు. పక్క రెండేళ్ల అంకెలతో పోలిస్తే అలాంటివి తేలిపోతాయి. 2020లో విరామం కనబడినా బెదరక్కర్లేదు. కోవిడ్ వల్ల ఆ ఏడాది మార్చి 30 నుంచి జులై చివరిదాకా గడువు తీరే కార్లకు ప్రభుత్వమే ఆరు నెలలు పొడిగించింది. అసలు గుడ్డిచోటు మొదటి మూడేళ్లు. అప్పుడు పరీక్షే లేదు కాబట్టి అంకే లేదు. కంపెనీ లీజులో ఏడాదికి 30,000 మైళ్లు తిరిగిన కారు మీటర్‌ను మొదటి ఎంఓటీకి ముందే తిప్పేస్తే ఈ రికార్డు దాన్ని పట్టలేదు. ఆ పని బెల్జియం ఏర్పాటు మెరుగ్గా చేస్తుంది. అక్కడ కార్-పాస్ పేరుతో 2006 నుంచి గ్యారేజీకి వెళ్లిన ప్రతిసారీ మీటర్ రీడింగ్ నమోదవుతుంది, అమ్మేవాడు ఆ కాగితం ఇవ్వకపోతే కొన్నవాడు బేరాన్ని రద్దు చేయించుకోవచ్చు. అలాగే మైళ్లు మరీ తక్కువగా ఉన్నాయని మురిసిపోవడానికీ లేదు. ఏడాదికి 400 మైళ్లు మాత్రమే తిరిగిన పాత కారులో బ్రేకులు పట్టేస్తాయి, టైర్ల రబ్బరు పగుళ్లిస్తుంది, బ్యాటరీ నీరసిస్తుంది. తక్కువ వాడకమూ ఒక రకం అరుగుదలే.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. పరీక్షించే గ్యారేజీయే మరమ్మతులూ చేస్తుంది. పని కోసం లేని లోపాలు రాయొచ్చు, తెలిసినవాడి కారైతే ఉన్నవి వదిలేయొచ్చు. ఇంకా ఘోరంగా, కారు గ్యారేజీకి రాకుండానే సర్టిఫికెట్ పుట్టించేవాళ్లున్నారు. వాటిని అక్కడ దెయ్యం ఎంఓటీలంటారు. అలాంటివాళ్ల మీద కేసులు నడిచాయి, పరీక్ష జరిగేటప్పుడు కారును అక్కడే ఫొటో తీయించే పద్ధతిని కూడా ఏజెన్సీ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మరి ఇలాంటి రికార్డును నమ్మమంటారా? ఒక్క సర్టిఫికెట్‌ను నమ్మమనడం లేదు. పదేళ్లలో కారు రకరకాల చేతుల కిందికి వెళ్తుంది. ఒకడు అత్యాశపరుడైతే ఇంకొకడు కాడు. ముగ్గురు వేర్వేరు తనిఖీదారులు మూడేళ్లలో ఒకే బుష్ అరిగిందని రాస్తే అది ఎవరో కల్పించినది కాదు. ఒక ఏడాది ఎనిమిది హెచ్చరికలు, మరుసటి ఏడాది సున్నా, ఆపై ఏడాది మళ్లీ ఏడు అని కనిపిస్తే నడుమనున్న సున్నా ఎంత విలువైనదో ఎవరికైనా అర్థమవుతుంది. అబద్ధం ఒక్కచోట చెప్పడం తేలిక, వరసలో ఇమడ్చడం కష్టం. మరమ్మతులు చేయకుండా పరీక్షలు మాత్రమే చేసే మున్సిపల్ కేంద్రాలు కొన్ని ఊళ్లలో ఉన్నాయి. వాటికి పని పుట్టించుకునే అవసరం లేదు. కొనేముందు కొత్త పరీక్ష చేయించుకుందామని అమ్మేవాడిని అడిగి, ఖర్చు మనమే పెట్టుకుని అలాంటి చోటికి తీసుకెళ్లడం తెలివైన పని. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదీ ఒక సమాధానమే.

ఇంకొందరు ఈ చదువంతా ఎందుకు, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్తే సరిపోదా అంటారు. మెకానిక్ కావాలి, అందులో సందేహం లేదు. ఇంజిన్ చప్పుడు, క్లచ్ జారడం, గేర్ల మధ్య ఇబ్బంది ఈ రికార్డులో ఉండవు, అవి చెవికీ చేతికీ తెలియాల్సినవి. కానీ మెకానిక్ చూసేది ఈరోజు కారును, అదీ కడిగి, పాలిష్ పెట్టి, కింద నల్లటి పూత కొట్టి ఉంచిన కారును. ఆ పూత తుప్పు రాకుండా కొట్టినదో, వచ్చిన తుప్పు కనబడకుండా కొట్టినదో నిరుటి పేజీ చదివినవాడికే తెలుస్తుంది. క్రమం కూడా ముఖ్యం. రికార్డు ముందు చదవాలి, కారు తర్వాత చూడాలి. ఒకసారి రంగు నచ్చి, సీట్లో కూర్చుని, ధర కుదిరేలా ఉందనిపించాక ఎవరైనా ఆ పేజీని సాకులు వెతకడానికే చదువుతారు. పైపు తుప్పు చిన్నదేలే అనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని పది కార్ల రికార్డులు చదివితే ఎనిమిది అక్కడే పోతాయి. మిగిలిన రెంటికే మెకానిక్ డబ్బులు, రైలు టికెట్టు ఖర్చవుతాయి. ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని, అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే మంచి సరుకు సంతలోంచి తప్పుకుని నాసిది మిగులుతుందని చూపించాడు. ఆ కోవ పరిశోధనకే 2001లో నోబెల్ వచ్చింది. ఎంఓటీ పేజీ ఆ తేడాను చెరిపేయదు, కొంత తగ్గిస్తుంది. శ్రద్ధగా చూసుకున్న కారుకు పది పౌండ్లు ఎక్కువ అడిగే ధైర్యం దాని యజమానికి వచ్చేది కూడా అందుకే.

ఎంఓటీ రికార్డు హద్దులు ఒప్పుకోవాల్సిందే. కారు ప్రమాదంలో దెబ్బతిని బీమా కంపెనీ లెక్కలోంచి తీసేసినదా, ఫైనాన్స్ బాకీ తీరిందా, దొంగ సొత్తా అన్నవి అందులో ఉండవు. వీ5సీ మీద పేరున్నంత మాత్రాన ఆ మనిషి యజమాని అని కూడా రుజువు కాదు. ఆ సంగతి ఆ కాగితం మీదే ముద్రించి ఉంటుంది. వీటికి డబ్బు కట్టి చేయించే వేరే తనిఖీలున్నాయి, పాత కారు ఖరీదుతో పోలిస్తే ఆ రుసుము చిన్నదే.

ఇక మన దగ్గరికి వస్తే పరిస్థితి తలకిందులుగా ఉంది. ఫైనాన్స్ బాకీ సంగతి మన ఆర్‌సీ మీదే హైపోథికేషన్ అని కనబడుతుంది, ఆ ఒక్క విషయంలో బ్రిటన్ కన్నా మనమే నయం. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో యజమాని, ఇన్సూరెన్స్, పొగ సర్టిఫికెట్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో వస్తాయి. అన్నీ గడువు తేదీలే. కారును ఎవరు చూశారు, ఏం చూశారు, మీటర్ ఎంతుంది అన్నది ఒక్క ముక్క ఉండదు. ఉండటానికి అసలు తనిఖీ జరిగితే కదా. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. అప్పటిదాకా పొగ పరీక్ష తప్ప బ్రేకులు, సస్పెన్షన్ చూసేవాళ్లు లేరు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకు పొడిగిస్తారు. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అమ్మకానికొచ్చే ఆరేళ్ల, తొమ్మిదేళ్ల కారుకు తనిఖీ చరిత్ర అనేదే లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు మునిగినప్పుడు వాటి ముందున్న కార్లూ మునిగాయి. అలాంటి కారును కడిగి, సీట్లు మార్పించి ఇంకో జిల్లాలో అమ్మితే కొనేవాడు దేన్ని చూసి కనిపెట్టాలి? ట్యాక్సీలకు ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది; పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు వేసిన కారు కొనేటప్పుడు ఆ పాత సర్టిఫికెట్లు అడగడం మన చేతిలో పని.

ప్రస్తుతానికి మన కొనుగోలుదారుడు ముక్కలు ముక్కలుగా ఆ చరిత్రను పోగుచేసుకోవాలి. అధీకృత సర్వీస్ సెంటర్‌లో ప్రతి సర్వీసుకూ తేదీ, మీటర్ రీడింగ్ నమోదవుతాయి; యజమానిని వెంటబెట్టుకెళ్లి ఆ జాబితా తీయించుకోవాలి. వారంటీ అయిపోగానే చాలామంది బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లిపోతారు కాబట్టి జాబితా మధ్యలో ఆగిపోవచ్చు; ఆగిన చోటి అంకెకూ ఈరోజు మీటర్‌కూ పొంతన చూసుకోవాలి. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడాలి. అయిదేళ్లు వరసగా క్లెయిమ్ లేకపోతే 50 శాతానికి చేరే ఆ బోనస్, అదే యజమాని చేతిలో ఉన్న ఏడేళ్ల కారుకు సున్నా అని ఉంటే కిందటి ఏడాది ఏదో జరిగిందని అర్థం. బోనస్ మనిషిదే తప్ప కారుది కాదు కాబట్టి కొత్తగా చేతులు మారిన బండికి ఈ లెక్క వర్తించదు. వీటిలో ఏదీ కారు కిందికి దూరి చూసిన కన్ను కాదు. ఉన్నంతలో పనికొచ్చే ఆనవాళ్లంతే.

ఇప్పుడు మన దేశంలోనూ ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. బ్రేకు ఎంత పట్టింది, హెడ్‌లైట్ ఎటు పడింది, పొగ ఎంత వచ్చింది అని యంత్రమే కొలుస్తుంది. కొలిచినది చివరికి పాస్ అనే ఒక్క మాటగా మిగిలి, మిగతా అంకెలు కొనేవాడి కంట పడకుండా పోవడం వృథా. యజమాని వివరాలు బయటపడతాయన్న భయానికి ఆధారం లేదు. బ్రిటన్ పేజీలో పేరు, ఊరు, ఫోను ఏవీ ఉండవు, కారు ఒక్కటే ఉంటుంది. మన దగ్గర సర్టిఫికెట్లే బండి చూడకుండా ఇస్తారు, వాటిని బయటపెట్టి ఏం లాభం అన్నది రెండో మాట. లాభం అక్కడే ఉంది. అలమారలో ఉన్న అబద్ధాన్ని ఎవరూ పట్టలేరు; కొనడానికొచ్చిన ప్రతివాడూ ఆరేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడగలిగితే రాసేవాడి చెయ్యి కాస్త వణుకుతుంది. పదిహేనేళ్ల గడువు తగ్గించడం పెద్ద నిర్ణయం, దానికి చర్చ కావాలి. కానీ ఇప్పటికే జరుగుతున్న పరీక్షల కొలతలు, మీటర్ రీడింగ్‌తో సహా, నంబరు కొట్టిన ఎవరికైనా కనబడేలా ఎం-పరివాహన్‌లో పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రవాణా శాఖ ఆ పని ముందు ట్యాక్సీలతో, పదిహేనేళ్లు దాటిన కార్లతో మొదలుపెట్టాలి.